తమ్ముడు వదలని దేశం

2011 మార్చి 2వ తేదీ ఉదయం ఇస్లామాబాద్‌లో తల్లి ఇంటి నుంచి కారులో బయలుదేరిన షాబాజ్ భట్టీని సాయుధులు అడ్డగించి కాల్చి చంపారు. పాకిస్తాన్ కేంద్ర మంత్రివర్గంలో ఆయన ఏకైక క్రైస్తవుడు, మైనారిటీ వ్యవహారాల మంత్రి. వయసు 42 ఏళ్లు. ప్రాణభయం ఉందని దేశమంతటికీ తెలిసినా ఆ రోజు ఆయన వెంట భద్రతా సిబ్బంది లేరు.

అప్పటికి ఆయన అన్న పాల్ భట్టీ ఇటలీలో వైద్యుడిగా స్థిరపడి ఉన్నారు. దేశం విడిచి తన వద్దకు రమ్మని తమ్ముణ్ణి ఎన్నోసార్లు బతిమాలారు. తమ్ముడు రాలేదు. కుటుంబాన్ని ప్రమాదంలోకి లాగడం ఇష్టం లేక పెళ్లి కూడా చేసుకోని మనిషి ఆయన. ఒకవేళ తాను హతమైతే ప్రసారం చేయమని ముందే ఒక వీడియో సందేశం రికార్డు చేసి ఉంచారు. సిలువ అంటే ఏమిటో తనకు తెలుసునని, దాని వెంట నడుస్తున్నానని అందులో ప్రశాంతంగా చెప్పారు. రాజకీయ నాయకుల నోట త్యాగం అనే మాట ఎంత చవకైపోయిందో ఎరిగినవారికి ఆ సందేశాన్ని వినడం కొంత ఇబ్బందిగానే ఉంటుంది.

ఇంతకూ ఆయన చేసిన నేరమేమిటి? ఆసియా బీబీ పక్షాన నిలబడటం. 2009 జూన్‌లో పంజాబ్ రాష్ట్రంలోని షేఖుపురా జిల్లాలో ఫాల్సా పండ్లు కోస్తున్న కూలి స్త్రీల మధ్య మంచినీళ్ల దగ్గర తగాదా వచ్చింది. క్రైస్తవురాలు ముట్టిన నీళ్లు తాగబోమని తోటివారు అన్నారు. మాటా మాటా పెరిగి చివరికి దైవదూషణ కేసుగా మారింది. ముట్టుడు, మైల అనే మాటలు తెలిసిన తెలుగు పాఠకులకు ఆ బావి దగ్గరి దృశ్యాన్ని వేరే వివరించనక్కరలేదు. 2010 నవంబరులో ఆమెకు మరణశిక్ష పడింది. ఆమె కోసం గొంతెత్తిన పంజాబ్ గవర్నరు సల్మాన్ తసీర్‌ను 2011 జనవరి 4న సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. ఆ హంతకుణ్ణి కోర్టుకు తెచ్చినప్పుడు న్యాయవాదులే అతనిపై గులాబీ రేకులు చల్లారు. తరువాతి వంతు ఎవరిదో భట్టీకి తెలుసు. అయినా ఆయన నోరు మూసుకోలేదు.

తమ్ముడి అంత్యక్రియలకు వచ్చిన పాల్ మనసులో ఉన్నది క్రోధమే. కుటుంబాన్నంతా వెంటబెట్టుకొని పాకిస్తాన్‌తో శాశ్వతంగా తెగతెంపులు చేసుకోవాలన్నది ఆయన సంకల్పం. అది తప్పని ఎవరూ అనలేరు. కానీ ఫైసలాబాద్ సమీపంలోని స్వగ్రామం ఖుష్‌పూర్‌లో వేలాది జనం ఆ శవపేటిక వెంట నడిచారు. వారిలో ముస్లింలూ ఉన్నారు. దైవదూషణ చట్టం కింద ఒక క్రైస్తవుడికి పడిన మరణశిక్షకు నిరసనగా 1998లో కోర్టు ఎదుట ప్రాణం తీసుకున్న బిషప్ జాన్ జోసెఫ్‌దీ ఆ ఊరే. దుఃఖం ఆ ఊరికి కొత్త కాదు. అక్కడ పాల్‌ను కదిలించింది జనసందోహం ఒక్కటే కాదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, హంతకులను క్షమించానని చెప్పింది.

క్షమాపణ గురించి ప్రసంగాలు వినని క్రైస్తవుడు ఉండడు. పాల్‌ కూడా వినే ఉంటారు. విన్నది తన ఇంట్లో, తన రక్తం మీద నిజం కావలసి వచ్చినప్పుడు మాత్రం అది వేరే మాట అవుతుంది. తమ్ముడి మరణం తన జీవితాన్నే మార్చివేసిందని ఆయన తరువాత చెప్పారు. ఇటలీలో ఆయన క్రైస్తవుడే, బహుశా ప్రార్థనకూ లోటు లేదు. కానీ ఆ విశ్వాసం ఆయన్నుంచి అంతవరకూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడిగింది. ఆయన ఉండిపోయి, తమ్ముడి బాధ్యతను తలకెత్తుకొని ప్రధానికి మైనారిటీ వ్యవహారాల సలహాదారు అయ్యారు.

2012 ఆగస్టులో ఇస్లామాబాద్ శివారులో రింషా మసీ అనే బాలికపై ఖురాన్ పుటలు కాల్చిందన్న అభియోగం మోపారు. పాల్ ఆ కుటుంబం వెంట నిలిచారు. ఉలేమా కౌన్సిల్ అధినేత తాహిర్ అష్రఫీ సైతం ఆ పిల్ల పక్షాన బహిరంగంగా మాట్లాడారు. సాక్ష్యాలు కల్పించాడన్న ఆరోపణపై స్థానిక ఇమామ్‌నే అరెస్టు చేశారు. నవంబరులో ఇస్లామాబాద్ హైకోర్టు కేసును కొట్టివేసింది.

ఈ కథ ఢిల్లీలో పొరుగుదేశాన్ని దెప్పిపొడవడానికి బాగా పనికొస్తుంది. పనికొచ్చింది కూడా. 2008 నవంబరులో షాబాజ్ మంత్రి అయ్యేనాటికి ఒడిశాలోని కంధమాల్ క్రైస్తవులు ఇళ్లు కాలిపోయి సహాయ శిబిరాల్లో ఉన్నారన్నది మాత్రం ఆ చర్చల్లో వినబడదు. 1999లో మనోహర్‌పూర్‌లో భర్తనూ ఇద్దరు పసికొడుకులనూ సజీవదహనం చేసినవారిని క్షమించి, ఇక్కడే ఉండి ఏళ్ల తరబడి కుష్ఠురోగులకు సేవ చేసిన గ్లాడిస్ స్టెయిన్స్ ఉన్నదీ ఒడిశాలోనే. ఆమెను చూసి ప్రార్థనకు తిరిగి మోకరించినవారు మన దేశంలోనూ ఉండే ఉంటారు. వారి మాట ఏ టీవీ చర్చకూ ఎక్కదు.

ఆసియా బీబీని పాకిస్తాన్ సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 31న నిర్దోషిగా ప్రకటించింది. మరుసటి ఏడాది ఆమె కెనడాకు చేరుకుంది. ఆ తీర్పు చూడటానికి షాబాజ్ లేరు. ఆయన చదువుకున్న బైబిలు ఇప్పుడు రోమ్ నగరంలో, టైబర్ నది మధ్యలోని చిన్న ద్వీపంపై, ఈ కాలపు హతసాక్షుల స్మృతికి కేటాయించిన సెయింట్ బార్తలోమ్యూ చర్చిలో ఉంది.