సర్వర్ ఎవరింట్లో ఉంటుంది?

సాఫ్ట్‌వేర్ వాళ్ళకో జబ్బుంది. ఎవరి కష్టం గురించి విన్నా, వినడం పూర్తవకముందే దానికో డేటాబేస్ డిజైన్ చేసేస్తాం. నాది కాస్త ముదిరిన కేసు. మా చెల్లి పెళ్ళి చదివింపులకి కూడా టేబుల్స్ గీసినవాణ్ణి :)

2023లో మా ఆఫీసు వాళ్ళు సేవా వారం అని ఒకటి పెట్టారు. మామూలుగా అయితే మొక్కలు నాటి, ఫొటోలు దిగి, సమోసాలు తినొచ్చేస్తాం. ఆసారి మాత్రం తూర్పు కాంగోలో, దక్షిణ కివూ ప్రాంతంలో, యుద్ధం నడుమ అత్యాచారాలకి గురైన ఆడవాళ్ళకి అండగా ఉండే ఓ చిన్న మహిళా సంఘానికి ఏదైనా చేసిపెట్టమన్నారు. కాంగో గురించి అప్పటికి నాకు తెలిసిందల్లా మన ఫోన్ల కెపాసిటర్లలో వాడే టాంటలం ఖనిజం అక్కణ్ణించి కూడా వస్తుందని, ఆ గనుల కోసం సాయుధ ముఠాలు కొట్టుకుంటాయని. అంతే. అయినా ఎగిరి గంతేశా.

ముగ్గురం రెండు రాత్రులు మేలుకుని ఓ యాప్ తయారు చేశాం. బాధితురాలు బటన్ నొక్కితే పేరు, ఊరు, జీపీఎస్ లొకేషన్ అన్నీ క్లౌడ్‌లోకి వెళ్ళిపోతాయి. ఇటు డాష్‌బోర్డ్‌లో కాంగో మ్యాపు, దాని మీద ఎర్ర చుక్కలు. డెమో చూసి మా మేనేజర్ చప్పట్లు కొట్టాడు. మర్నాడు ఆ సంఘం నడిపే ఆవిడతో కాల్. ఆవిడకి వచ్చింది ఫ్రెంచి, స్వాహిలీ. మా టీములో పాండిచ్చేరి అమ్మాయి ఉండబట్టి బతికిపోయాం.

ఆవిడ అంతా ఓపిగ్గా చూసి, "ఈ ఫోన్ ఎవరిది?" అని అడిగింది.

మాకు అర్థం కాలేదు. ఆవిడ తిరిగే పల్లెల్లో ఇంట్లో ఫోనంటూ ఉంటే అది మొగుడి జేబులో ఉంటుందిట. ఈ యాప్ అతని కంట పడితే? తర్వాత ఆ చుక్కల సంగతి. నలభై గడపల ఊరి మీద ఒక్క ఎర్ర చుక్క పడితే అదెవరో ఊరందరికీ తెలిసిపోదా అంది. "సర్వర్ ఎవరింట్లో ఉంటుంది? తుపాకీ పట్టుకున్నవాడు వచ్చి పాస్‌వర్డ్ చెప్పమంటే నేను చెప్పకుండా ఉండగలనా?"

ఆఖర్న, "సరే, బటన్ నొక్కాక ఎవరొస్తారు?" అంది.

దీనికి మా దగ్గర స్లైడ్ లేదు. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. గర్భం రాకుండా వేసుకునే మాత్రకి 5 రోజుల గడువు. ఆవిడ సంఘానికి ఊరికొకరో ఇద్దరో మనుషులున్నారు. మంత్రసాని, కూరలమ్మే ఆవిడ, చర్చిలో పాటలు పాడే ఆవిడ, ఇలా. వాళ్ళు ఎవరి తలుపు తట్టినా ఎవరికీ అనుమానం రాదు. బాధితురాల్ని మోటార్ సైకిల్ టాక్సీ ఎక్కించి, వెనకాలే కూర్చుని, గడువులోపల ఆస్పత్రికి చేరుస్తారు. సిస్టమ్ ఆల్రెడీ ప్రొడక్షన్‌లో ఉంది. మేం వెళ్ళి దానికి బగ్ తగిలించబోయాం.

"లెక్కలకి మాకు ఎక్సెల్ ఫైలుంది, అది చాలు" అనేసింది. చెప్పొద్దూ, నాకు చిన్నతనంగా అనిపించింది. ఆ ఫైలేమిటో తెలుసుకున్నాక సిగ్గేసింది. ఐక్యరాజ్యసమితి సంస్థలూ, ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ కలిసి 2006లో మొదలెట్టిన జీబీవీఐఎంఎస్ అనే పద్ధతిలో భాగం అది. అందులో పేరుండదు, కోడ్ ఉంటుంది. ఏ సేవా అందించలేనివాడు వివరాలు అడగనే కూడదు. ఏ అంకె ఏ సంస్థకి ఎందుకు వెళ్ళాలో ముందే కూర్చుని కాగితం మీద రాసుకుంటారు. మన దగ్గర ప్రైవసీ పాలసీ ఎవడు చదువుతాడు గనక!

హింసని అందులో ఆరు రకాలుగా విడదీస్తారు. బలవంతపు పెళ్ళి, ఖర్చులకీ తిండికీ అందకుండా చేయడం కూడా వాటిలో ఉన్నాయి. "మా దగ్గరికి మొగుడి చేతిలో తన్నులు తిన్నవాళ్ళూ వస్తారు. వాళ్ళ గురించి విలేకరులెవరూ అడగరు" అంది ఆవిడ. దీని మీద సెవెరీన్ ఓటెసేర్ అనే పరిశోధకురాలు 2012లో ఓ వ్యాసం రాసింది. విదేశీ దాతలు అత్యాచారాల మీదే చూపు నిలపడంతో, వైద్యం దొరకాలంటే జరగని అత్యాచారం జరిగిందని చెప్పుకోవలసిన పరిస్థితి కూడా కొందరికి వచ్చిందని. కథ మనం రాసి, వేషం వాళ్ళని కట్టమంటే అంతే మరి.

మా అమ్మమ్మది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డ సంగతి కథలా చెప్పేది. తాగొచ్చి కొట్టే మొగుళ్ళ గురించి వాళ్ళు నోరు విప్పింది పోలీస్ స్టేషన్లో కాదు, అక్షరాలు దిద్దుకోడానికి రాత్రిపూట పక్కపక్కన కూర్చున్న చోట. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధమైంది. అక్కడ యుద్ధం లేదు, పూర్తిగా పోలిక కుదరదనుకోండి. కానీ కాంగో ఆవిడ మాట్లాడుతుంటే నాకు అమ్మమ్మే గుర్తొచ్చింది.

అలాగని 'స్థానికులు' అంటే ఊరిపెద్దలే అనుకుంటే కొంప మునుగుతుంది. మనలాగే అక్కడా పెద్దమనుషుల రాజీలున్నాయి. ఇంత డబ్బో, మేకలో ఇప్పించి, లేదంటే చేసినవాడికే ఇచ్చి పెళ్ళి చేసి, కేసు లేకుండా చేసేస్తారు. కాబట్టి ఏ స్థానికులు అన్నదే అసలు ప్రశ్న. బుకావులో 1999లో పంజీ ఆస్పత్రి పెట్టిన డాక్టర్ డెనిస్ ముక్వెగేకి 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అది చాలామందికి తెలుసు. 2012లో ఆయన మీద హత్యాయత్నం జరిగి దేశం విడిచి వెళ్ళినప్పుడు, కివూ సరస్సులోని ఇజ్వీ దీవి ఆడవాళ్ళు అనాసపళ్ళూ ఉల్లిపాయలూ అమ్మి ఆయన విమానం టికెట్టుకి డబ్బు కూడబెట్టారు. 2013 జనవరిలో ఆయన తిరిగొచ్చాడు. నన్నడిగితే నోబెల్ కంటే ఇదే పెద్ద సంగతి.

చివరికి మేం చేసిందేమిటంటారా? వాళ్ళ రెండు పాత లాప్‌టాప్‌లకి డిస్క్ ఎన్‌క్రిప్షన్ పెట్టించడం, ఎక్సెల్‌లో చెడిపోయిన మాక్రోలు బాగుచేయడం. ఓ పూట పని. ఆవిడ నిజంగా అడిగింది బండి కిరాయిలకి డబ్బు. ఆఫీసు వాళ్ళేమో అది 'ఇన్నోవేషన్' పద్దు కిందకి రాదన్నారు. డాలస్‌లో ఉన్న మా పాత టీం లీడ్ అన్నయ్య ఇంకో నలుగుర్ని పోగేసి అప్పట్నించీ పంపిస్తున్నాడు.

2025 జనవరి చివర్లో ఎం23 తిరుగుబాటుదారులు గోమాని, ఫిబ్రవరిలో బుకావుని పట్టుకున్నారు. అదే సమయంలో అమెరికా సాయంలో కోతపడి ఆ 72 గంటల మందులకీ కటకట వచ్చింది. రెండు వారాలు ఆవిడ నుంచి కబురు లేదు. మా యాప్ కోడ్ ఇంకా రిపాజిటరీలోనే ఉంది, తీసి చూశా. పేరు, ఊరు, లొకేషన్. ఆ టేబుల్ నిండి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఓ రోజు పాండిచ్చేరి అమ్మాయి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. "ఏ కోడ్ ఎవరిదో రాసుకున్న నోటు పుస్తకం ముందే కాల్చేశాం. పేర్లన్నీ మాకు గుర్తున్నాయి. బండి కిరాయి పెరిగింది, మీ అన్నయ్యకి చెప్తారా?"