పాట్రిక్కు ఒప్పుకోలు

ఐర్లండు దేశస్థులు తమ గొప్ప బోధకుడని కొనియాడు పాట్రిక్కు ఆ దేశమునకు మొదట బోధకుడుగా రాలేదు, దాసుడుగా కొనిపోబడెను. 5వ శతాబ్దమున జీవించిన యితడు బ్రిటను దేశమున పుట్టి, ఇంచుమించు 16 ఏండ్ల ప్రాయమున దొంగలచేత చెఱపట్టబడి, 6 సంవత్సరములు పరుల మందను మేపెను. స్వజనమును విడిచి పరాయి నేలను పాటుపడుట యెట్టిదో తోటలలోని కుటుంబములకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అతడు వృద్ధుడై లాటిను భాషలో వ్రాసిన "ఒప్పుకోలు" అను చిన్న గ్రంథము నేటికిని నిలిచియున్నది. తాత సంఘపు పెద్ద, తండ్రి పరిచారకుడు. అట్టి యింట పెరిగియు తాను నిజదేవుని ఎఱుగకుంటినని అతడు దాచక వ్రాసెను. చదువు చాలనందున వ్రాయుటకు సిగ్గుపడుచున్నానని కూడ చెప్పెను.

మంద మేపుచు అడవిలోను కొండమీదను, మంచులోను వానలోను, పగలు నూఱు మారులవఱకు, రాత్రియు దాదాపు అన్ని మారులు ప్రార్థించెనట. బోధకులు తఱచుగా చెప్పునది ఈ సంగతియే. దినమంతయు పనిచేసి, మోకాళ్లూనిన వెంటనే కునుకుపట్టువాడు దీనిని విని క్రుంగిపోవును. అదే గ్రంథములోని మఱియొక సంగతి యేలనో అంతగా చెప్పబడదు. ఒక రాత్రి దర్శనములో, తన లోపల ఎవరో మూల్గుచు ప్రార్థించుట అతడు చూచెను. ఆ ప్రార్థించువాడెవడో తెలియక విస్మయమొందెను. తుదకు ఆయన ఆత్మయని తెలిసి మేల్కొని, మన బలహీనతను గూర్చి రోమా పత్రిక 8వ అధ్యాయమున పౌలు వ్రాసినది జ్ఞాపకము చేసికొనెను.

ఒప్పుకొనుటవలన అతనికి నష్టమును కలిగెను. 15 ఏండ్ల బాలుడుగా నున్నప్పుడు ఒక్క దినమున చేసిన తప్పు నొకదానిని, మనోవ్యాకులముతో ప్రాణస్నేహితునికి చెప్పుకొనెను. 30 ఏండ్ల తరువాత పెద్దలు దానినే అతనిమీద నేరముగా మోపిరి. బయలుపఱచినవాడు ఆ స్నేహితుడే. తప్పు ఏదో గ్రంథమున లేదు, చదువరులకు దానితో పనియును లేదు.

కూలి లైనులలోను ఈ భయమే కాదా? ప్రార్థనకూటమున కన్నీటితో చెప్పిన మాట మఱునాడు నీళ్లకుళాయియొద్ద కబురగుననియే కదా, త్రాగుడును జయింపలేనివాడును, బిడ్డను పాతిపెట్టి ప్రార్థింపలేకపోయిన తల్లియు, అందఱివలె "స్తోత్రము" అని ఊరకుందురు! వారి మౌనమునకు విన్నవారి నాలుకయే ఉత్తరవాది.

ఆ దినమున తాను పడిపోవలసినవాడనే యని పాట్రిక్కు వ్రాసెను. ఐనను స్నేహితుని శపింపలేదు. తనకొఱకు కంటె అతనికొఱకే దుఃఖపడెను. నేరము మోపినవారికి అది పాపముగా ఎంచబడకుండునట్లు వేడుకొని, వారు ఎత్తిచూపిన ఆ తప్పు సంగతిని తానే అందఱు చదువునట్లు వ్రాసిపెట్టెను.