ఒక్క పగటికి ఏ దీవి?

ఏథెన్స్ వెళ్లొచ్చామంటే మనవాళ్లు ముందు అడిగేది ‘సాంటొరిని చూశారా?’ అనే. ఆ తెల్లగోడలు, నీలి గుమ్మటాలు అందరి ఫోన్లలోనూ తిరిగాయి మరి. వేగంగా వెళ్లే పడవకే అయిదు గంటల దాకా పట్టే దీవి అది. పొద్దున వెళ్లి రాత్రికి రావడం కుదిరే పని కాదు. చిన్న సెలవులో వచ్చి, అక్రోపోలిస్, మ్యూజియం చూసేశాక ఒక్క పగలు చేతిలో మిగిలినవాళ్లకు దిక్కు సరోనిక్ గల్ఫ్ దీవులే. ఈజినానా, పోరోసా, హైడ్రానా అని ఇంట్లో పేచీ మొదలయ్యేదీ అక్కడే.

గుంటూరు నుంచి మ్యూనిక్ వచ్చిన అత్తయ్యనీ, మామయ్యనీ ఆగస్టు చివర్లో ఏథెన్స్ తీసుకెళ్లాం. మా అమ్మాయి హైడ్రా అంది. ఆ దీవిలో కార్లు, బైకులు నిషేధం. సామాన్లు మోసేది గాడిదలు, కంచరగాడిదలు. అక్కడ 1960లో గాయకుడు లెనార్డ్ కోహెన్ ఇల్లు కొనుక్కున్నాడంటూ మా ఆవిడ కూతురి పక్షం చేరింది. మామయ్యకు మాత్రం మూడూ కావాలి. హోటల్ కౌంటర్ దగ్గర ఓ కరపత్రం దొరికింది ఆయనకు: ఒకే టికెట్, మూడు దీవులు, పడవలోనే భోజనం, పాటలు. ‘ఇంకాస్త వేసుకుంటే మూడూ అయిపోతాయి కదా బాబూ’ అన్నారు.

అయిపోతాయి. కానీ ఆ టికెట్ కొన్నవాళ్ల రోజులో సగానికి పైగా పడవలోనే పోతుంది. పోరోస్‌లో దిగి గడియార స్తంభం దాకా ఎక్కి ఫొటో తీసుకునేసరికి కూత వేస్తారు. హైడ్రాకు నేరుగా వెళ్లినా ఇంచుమించు రెండు గంటలు, రావడానికి మళ్లీ అంతే. ఒక్క పగటి ప్రయాణంలో నేను చూసేది నేల మీద కాళ్లు పెట్టుకుని గడిపే గంటలు. ఆ లెక్కన ఈజినాకు సాటి లేదు: పిరేయస్ రేవు నుంచి పెద్ద ఓడలో గంటంబావు, ఫ్లయింగ్ డాల్ఫిన్ అనే వేగం పడవలో నలభై నిమిషాలు. ఇంకా దగ్గరిది సలామిస్ ఉంది. క్రీ.పూ. 480లో గ్రీకులు పర్షియా నౌకాదళాన్ని మట్టికరిపించింది దాని పక్క జలసంధిలోనే. ఐనా ఏ కరపత్రంలోనూ దాని పేరుండదు, ఫొటోలకు పనికిరాదని కాబోలు.

ఫ్లయింగ్ డాల్ఫిన్ వద్దన్నాను. లోపల కూర్చోవాలే తప్ప పైకెక్కి నిలబడే వీలుండదు. ఆగస్టు ఉత్తరపు గాలి ముదిరితే ముందుగా ఆగిపోయేవీ అవే. ఊరి మధ్య మొనస్తిరాకి నుంచి మెట్రోలో పిరేయస్ చేరి, ఈ-8 గేటులో పెద్ద ఓడెక్కాం. పై డెక్కు మీద గాలికి అత్తయ్య కొంగు నిలవలేదు, ఆవిడ నవ్వూ ఆగలేదు.

ఈజినాయే ఎందుకంటే నాకు ఇంకో కారణం ఉంది, అది పడవ ఎక్కేదాకా ఎవరికీ చెప్పలేదు. దీవి మీద ఓ కొండకొమ్మున, పైన్ చెట్ల మధ్య అఫైయా ఆలయం ఉంది. అఫైయా ఈ దీవి సొంత దేవత. క్రీ.పూ. 500 ప్రాంతంలో సున్నపురాయితో కట్టిన గుడి. స్తంభాల్లో చాలావరకు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. బస్సులో వెళ్తుంటే దారిలో సెయింట్ నెక్తారియోస్ మఠం దగ్గర సగం జనం దిగిపోయారు. మొక్కులవాళ్లు. అత్తయ్య కిటికీలోంచే దణ్ణం పెట్టుకుంది.

గుడి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాక మామయ్య ఆగి, ‘పైన త్రికోణంలో బొమ్మలుండాలి కదా, ఏవి?’ అన్నారు.

‘మా ఊళ్లో ఉన్నాయి మామయ్య గారూ’ అన్నాను.

మ్యూనిక్‌లో కోనిగ్స్‌ప్లాట్జ్ పక్కనున్న గ్లిప్టోథెక్ మ్యూజియంలో ఉన్నాయవి. మధ్యలో అథీనా, రెండువైపులా ట్రాయ్ యుద్ధంలో పడిపోతున్న వీరులు. 1811లో కాకరెల్ అనే ఆంగ్లేయుడు, హాలర్ అనే జర్మన్, ఇంకొందరు కుర్ర వాస్తుశిల్పులు ఇక్కడ తవ్వి, ఊరివాళ్లకు కాసిని డబ్బులిచ్చి శిల్పాలను పట్టుకుపోయారు. మరుసటేడు జాంటె దీవిలో వేలం వేశారు. యుద్ధభయంతో శిల్పాలను అప్పటికే మాల్టాకు తరలించడంతో బ్రిటిష్ మ్యూజియం తరఫు మనిషి వేలమూ అక్కడేననుకుని మాల్టా వెళ్లాడు! ఈలోగా బవేరియా యువరాజు లుడ్విగ్ మనుషులు పాట పాడేసుకున్నారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఆ లుడ్విగ్ కొడుకే, ఇంకా మీసాలు రాని ఓటో, గ్రీసుకు రాజయ్యాడు. నేను రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలో ఉన్న మ్యూజియం అది. అందులోని బొమ్మల సొంత చోటు చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

మామయ్య రాతిమీద కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘మన అమరావతి కథే’ అన్నారు. చిన్నప్పుడు స్తూపం దిబ్బ మీద ఆడుకున్న మనిషి. ఆ స్తూపం శిల్పాలు కొన్ని 1859లో ఓడెక్కి లండన్ పోయాయి, కొన్ని మద్రాసు మ్యూజియంలో ఉన్నాయి. మద్రాసువి ఆయన రెండు మూడుసార్లు చూశారట.

దీవిలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. స్వతంత్ర గ్రీసుకు 1828లో తొలి రాజధాని ఈజినా ఊరే. రేవు దగ్గర అపోలో గుడిలో మిగిలిన ఒంటిస్తంభం ఉంది. మేం మాత్రం భోజనానికి కూర్చున్నాం. హోటల్ ముందు తాడు మీద ఆరేసిన ఆక్టోపస్‌ను చూసి అత్తయ్య ఇక్కడ తిననంది. చర్చి ఉపవాసాల వల్ల గ్రీకు వంటలో మాంసం, పాలు లేని వంటకాలు బోలెడు. కాకపోతే ఉపవాసంలో ఆక్టోపస్ తినొచ్చు, అందుకని ప్లేటు ప్లేటుకీ విడిగా అడగాల్సిందే. చివరికి ‘ఫావా’ వచ్చింది: పసుపు బఠాణీ పప్పును మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు వేసిన అచ్చం మన ముద్దపప్పు. అన్నం లేదన్న దిగులుతోనే గిన్నె ఖాళీ చేసింది. పిస్తాల కాపు అప్పుడే చేతికొస్తోంది. గులాబీ రంగు పైతొక్కతో పచ్చివి రేవులోనే అమ్ముతున్నారు. అత్తయ్య వాటిని బేరమాడింది. తెలుగులోనే. తగ్గించారు కూడా.

హైడ్రా చూపించలేదని మా అమ్మాయి ఇప్పటికీ అంటూనే ఉంది. వెళ్దాం, ఓ రాత్రి అక్కడే ఉండేలా వెళ్దామన్నాను. మామయ్య తిరుగు ఓడలో పక్కకొచ్చి కూర్చున్నారు. గ్లిప్టోథెక్ ఏ రోజు తెరుస్తారని అడిగి, జర్మనీ వీసా మీద లండన్ వెళ్లొచ్చా అన్నారు. కుదరదు, దానికి వేరే వీసా తీసుకోవాలన్నాను.

‘ఎంతవుతుందో కనుక్కో బాబూ’ అన్నారు.