ఫిల్టర్‌కు తోడు

మన హాస్టల్ స్టడీ హాల్లో కిటికీ పక్కనున్న చేపల తొట్టెను చూడనివారు లేరు. అయితే అందరూ చూసేది చేపలనే. ఆ మూలన నల్లగా, జిగటగా, బుడగలు వదులుతూ ఉండే స్పాంజి ముక్క వంక ఎవరూ చూడరు. తమ్ముళ్ళూ, మా ఈ నాలుగు మాటలూ దాని గురించే.

మేము తొమ్మిదో తరగతిలో ఉండగా ఉద్యోగం వచ్చిన సంతోషంలో ఒక పూర్వ విద్యార్థి ఆ తొట్టెను తెచ్చి ఇచ్చారు. మొదటి ఏడాదిలోనే మూడుసార్లు చేపలు చనిపోయాయి. ప్రతిసారీ ఒకటే వరుస. ఆదివారం అన్నలు తొట్టె ఖాళీ చేసి, రాళ్ళూ స్పాంజీ సబ్బుపొడితో ఉతికి, కొత్త నీళ్ళు నింపేవారు. తొట్టె అద్దంలా మెరిసేది. గురువారానికల్లా చేపలు నీళ్ళపైకి వచ్చి నోళ్ళు తెరిచేవి. దిష్టి తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పినవారు కూడా ఉన్నారు!

సంగతి చెప్పింది మా సైన్సు మాస్టారు. చేప తిన్నదానిలోంచి పుట్టే అమ్మోనియా ఎక్కువగా మొప్పల ద్వారా నీళ్ళలోకి వస్తుంది. అది చేపకు విషం. స్పాంజి రంధ్రాలలో కాపురముండే బాక్టీరియాలో ఒక రకం దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటూ విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయలేకుండా చేస్తుంది. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు పెద్దగా హాని చేయదు, వారం వారం కొన్ని నీళ్ళు మారిస్తే చాలు. అంటే మేము మురికి అనుకుని ఉతికించినది చేపల ప్రాణాలు కాసేవాళ్ళనే. మురికి అన్న మాట మేము చిన్నప్పటినుంచి చాలాసార్లు విన్నవాళ్ళమే. అందుకేనేమో, ఆ పాఠం మాకు ఒక్కసారికే ఎక్కింది.

ఇప్పుడు పి.జి.లో మైక్రోబయాలజీ చదువుతుంటే మరికొంత తెలిసింది. ఈ పని చేసే బాక్టీరియాను 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త మట్టినుంచి వేరుచేసి చూపించారు. రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని పాఠ్యపుస్తకంలో బట్టీ పట్టాం. కానీ 1998లో అక్వేరియంలను పరిశీలిస్తే అక్కడ కనిపించింది నైట్రోస్పైరా. ఆ రెండు పనులూ ఒక్కతే చేయగల నైట్రోస్పైరా ఉందని 2015లో తేలింది. అప్పుడు ప్రకటించిన వాటిలో ఒకదాని ఆచూకీ దొరికింది చేపల పెంపకం ఫిల్టర్‌లోనే. ఇవి పెరగడం మహా నిదానం. అనుకూలంగా ఉంటే ఇ.కోలై ఇరవై నిమిషాలకే రెట్టింపవుతుంది. వీటికి చాలా గంటలో, ఒక రోజో, అంతకన్నా ఎక్కువో కావాలి. అందుకే కొత్త తొట్టె కుదుటపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆదివారం ఉతికింది గురువారానికి ఎక్కడ తిరిగి వస్తుంది?

మేము పదో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ముందురోజు గోడలకు సున్నం, కాలువలకు బ్లీచింగ్ పౌడర్. "ఆఫీసరు చూస్తే మాట వస్తదిరా, ఆ నల్ల ముక్క పారేయండి" అన్నాడు కామాటి బాబాయ్. పారేస్తే చేపలు పోతాయని ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు వంట పెద్దమ్మ అందుకుంది. "పెరుగు గిన్నె తోమేస్తే రేపటికి తోడెక్కడిది? అదీ అంతేనేమో, ఉండనియ్యి." మాస్టారి పాఠమంతా ఆమె ఒక్క మాటలో చెప్పేసింది. స్పాంజి బతికింది. వచ్చిన ఆఫీసరు తొట్టె వంక చూడనేలేదు!

ఆనాటినుంచి మా పద్ధతి ఇది. స్పాంజిని కుళాయి కింద పెట్టం. మిషన్ భగీరథ నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, మనకు మంచిదే గానీ బాక్టీరియాకు కాదు. తొట్టెలోంచి తీసిన నీళ్ళను బకెట్‌లో పోసి, అందులోనే రెండుసార్లు మెల్లగా పిండుతాం. నలుపు పోవాలని చూడం, నీళ్ళు దూరితే చాలు. పోయబోయే నీళ్ళను వెడల్పాటి టబ్బులో ఒక రోజు నిలవ ఉంచుతాం.

అసలు కష్టం కరెంటుతో. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనిని నైట్రేటుగా మార్చడానికి దాదాపు నాలుగున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి మోటారు ఆగితే చేపలకూ బాక్టీరియాకూ ఒకేసారి ఊపిరాడదు. దమ్మపేటలో గాలివాన వస్తే చెట్టుకొమ్మలు తీగలమీద పడతాయని మీకు చెప్పనక్కరలేదు. అలాంటి ఒక రాత్రి మేము నలుగురం వంతులు వేసుకుని మగ్గుతో నీళ్ళు ఎత్తి, స్పాంజిమీద ధారగా పోస్తూ కూర్చున్నాం. తెల్లారేదాకా మేత వేయలేదు. మేత వేస్తే అమ్మోనియా పెరుగుతుంది. మర్నాడు లెక్కల పరీక్ష. తూగుతూనే రాశాం, పాసయ్యాం.

పది అయిపోయాక వెళ్ళేటప్పుడు స్పాంజిని సగానికి కోసి, ఒక ముక్కను తడి ఆరకుండా బడి లాబ్‌లోని కొత్త తొట్టెకు ఇచ్చాం. కొత్త స్పాంజి పక్కన దీన్ని ఉంచి, మొదట రెండే చేపలు వేశారు. అక్కడ ఒక్క చేపా చావలేదు.

వేసవి సెలవుల్లో హాస్టల్‌కు తాళం పడుతుంది. చేపలూ స్పాంజీ కలిపి మూత తీసిన బకెట్‌లో, సగానికే నీళ్ళతో, బస్సులో ఎవరో ఒకరి ఊరు వెళ్ళాలి. ఈసారి ఎవరింటికో ఇంకా తేలలేదట. ఊరు గంట ప్రయాణంలోపు ఉండి, అర్ధరాత్రి కరెంటు పోతే లేవగలిగిన తమ్ముళ్ళు ఏప్రిల్ లోపల పేరు ఇవ్వండి. మగ్గు తొట్టె కిందే ఉంది.