గ్యాస్ నొప్పే అనుకున్నాను

2013 ఆగస్టులో ఒక శుక్రవారం. నాకు 34వ వారం. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో ఒక కంపెనీలో పనిచేస్తుండేదాన్ని. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలై రాత్రి పదింటికి ముగిసే షిఫ్టు. సాయంత్రం నాలుగు దాటాక కుడిపక్క, పక్కటెముకల కింద ఒక నొప్పి మొదలైంది. మెలిపెట్టే నొప్పి కాదు. ఎవరో బొటనవేలితో అదిమిపట్టి వదలనట్టు. తల పొద్దుటినుంచీ బరువుగానే ఉంది. క్యాంటీన్‌లో తిన్న బిరియానీ పడలేదనుకున్నాను. గ్యాస్ అనుకున్నాను.

మన ఆడవాళ్ళ ఒంట్లో మెడకి కిందా మోకాలికి పైనా ఎక్కడ నొప్పొచ్చినా మనం పెట్టుకునే మొదటి పేరు గ్యాసే కదా!

అమ్మకి ఫోన్ చేశాను. వాము నమిలి వేడినీళ్ళు తాగమంది. "నెలలు నిండుతుంటే ఇవన్నీ మామూలేనే, నేను నిన్ను కన్న రోజు కూడా పొద్దున్న నలుగురికి వంట చేశాను" అంది. నేను ఈనో తాగి మళ్ళీ సీట్లో కూర్చున్నాను.

నా ఉద్యోగం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఎక్కడో అమెరికాలో ఒక బ్యాంకు సిస్టమ్‌లో తేడా వస్తే అది ఎంత ప్రమాదకరమో తేల్చి దానికి సివియారిటీ నంబరు వెయ్యడం మా టీమ్ పని. సివియారిటీ వన్ అయితే అర్ధరాత్రయినా సరే మేనేజర్‌ని నిద్రలేపాలి. అనుమానం ఉంటే పై నంబరే వెయ్యండి, కాదని తేలాక తగ్గించుకోవచ్చు అని కొత్తగా చేరిన పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చేదాన్ని నేనే. అలాంటిదాన్ని, నా నొప్పికి మాత్రం అన్నిటికన్నా కింది నంబరు వేసి పక్కన పెట్టేశాను.

ఎందుకలా చేశానని తర్వాత చాలాసార్లు తర్కించుకున్నాను. మొదటిది సెలవు. అప్పటి ప్రసూతి సెలవు 12 వారాలే. కాన్పుకి ముందు ఎన్ని రోజులు వాడుకుంటే తర్వాత పాపతో గడిపే రోజుల్లో అన్ని తగ్గిపోతాయి. అందుకే మా ఫ్లోర్‌లో అందరం నొప్పులొచ్చేదాకా పనిచెయ్యాలనే పంతంతో ఉండేవాళ్ళం. రెండోది భయం. ముందుగా ఆసుపత్రికి వెళితే ఏదో ఒకటి చెప్పి కోసేస్తారని మాలో మేం చెప్పుకునేవాళ్ళం. ఆ భయం ఉత్తది కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 80 పైమాటే. మూడోది చెప్పుకోడానికి సిగ్గుగా ఉంటుంది. తీరా వెళ్ళాక ఏమీ లేదంటే? "ఈ చదువుకున్న పిల్లలకి అన్నిటికీ కంగారే" అంటే? మా ఇంట్లో నాకున్న మంచిపేరు ఒక్కటే: ఓపిక ఎక్కువని.

ఏడు గంటలప్పుడు వాష్‌రూమ్‌లో మొహం కడుక్కుంటుంటే హౌస్‌కీపింగ్ ఆమె నన్ను అద్దంలోంచి పరీక్షగా చూసింది. పాలమూరు వైపునుంచి వచ్చిన మనిషి. రోజూ చూసి నవ్వుకోవడమే తప్ప పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

"మేడం, మొఖం గట్ల ఉబ్బిందేంది? తలకాయ నొస్తుందా?"

ఔనన్నాను.

"దవఖానకు పోండ్రి. మా ఊర్ల ఆశమ్మ జెప్పేది. మొఖం ఉబ్బి, తల నొచ్చి, కండ్లు మసకలైతే తెల్లారేదాంక ఆగొద్దని."

ఎక్కువ బరువు పెరిగాను, అందుకే అలా కనిపిస్తోందని నవ్వి వచ్చేశాను. ఆ రాత్రి ఒక రిలీజ్ ఉంది. తొమ్మిదిన్నరకి స్క్రీన్ మీద అక్షరాలు అలల మీద తేలుతున్నట్టు కదలడం మొదలుపెట్టాయి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. మళ్ళీ తుడుచుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, "కండ్లు మసకలైతే" అన్న మాట. ఒక్కసారిగా చెమటలు పట్టాయి. సహచరుడు పుణే ప్రాజెక్టులో ఉన్నాడు. 108కి ఫోన్ చెయ్యొచ్చని నాకు తట్టనే లేదు. 2005లో మొదలైన ఆ అంబులెన్సు ఊళ్ళవాళ్ళ కోసం, యాక్సిడెంట్ల కోసం అన్నట్టుండేది మాకు. పదింటిదాకా ఆగి, కంపెనీ క్యాబ్ ఎక్కి, డ్రైవర్‌ని ఇంటికి కాదు ఆసుపత్రికి అన్నాను. కొత్తగూడ చౌరస్తాలో ఇప్పుడున్న ఫ్లైఓవర్ అప్పుడు లేదు. ఆ ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూర్చున్న ఇరవై నిమిషాలూ తిరిగి వెళ్ళిపోదామా అని కూడా ఆలోచించానంటే మీరు నమ్ముతారా?

బీపీ 170/110. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి. నేను గ్యాస్ అనుకున్నది కాలేయం నొప్పి. ప్రీఎక్లాంప్సియా ముదిరి హెల్ప్ సిండ్రోమ్‌లోకి దిగుతోంది. ఇందులో ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, కాలేయం దెబ్బతింటుంది, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తుంటే ఒళ్ళంతా నిప్పు పోసినట్టయింది. "ఎప్పట్నుంచి ఉంది నొప్పి?" అని డ్యూటీ డాక్టరు అడిగింది. "నాలుగింటినుంచి" అన్నాను. "మరి ఇంతసేపూ ఏం చేస్తున్నారు?" అంది. ఏం చెప్పను?

రాత్రి ఒంటిగంటకి ఆపరేషన్ చేశారు. పాప కిలో ఎనిమిది వందల గ్రాములు. 19 రోజులు ఎన్ఐసీయూలో, గాజుపెట్టెలో ఉంది. ఇప్పుడు హైస్కూల్లో చదువుతూ నాతో అన్నిటికీ వాదిస్తోంది. మేమిద్దరం అదృష్టవంతులం, అంతే. ఇంకో నాలుగు గంటలు ఓపిక పట్టి ఉంటే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక ఒకరోజు పాపకి పాలుపడుతుంటే అమ్మ పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. అమ్మమ్మ చెల్లెలు తొమ్మిదో నెలలో గుర్రపు వాతం వచ్చి పోయిందట. ఫిట్స్ వచ్చే ముందు రెండు రోజులు తలనొప్పి, కడుపునొప్పి అని మూలుగుతూ ఉందట. నేను ఆ చిన్నమ్మమ్మ గురించి చిన్నప్పటినుంచీ విన్నాను. "పురిట్లో పోయింది" అని మాత్రమే విన్నాను. ఎలా పోయిందో, ముందు ఏమయిందో ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లలు భయపడతారని చెప్పలేదట! మా కుటుంబంలోనే ఉన్న జ్ఞానం ఒక్క మాట కింద కప్పేసి ఉంది. అది నాకు పాలమూరు మనిషి నోట, ఆమె ఊరి ఆశ కార్యకర్త మాటగా అందాల్సి వచ్చింది.

అంగన్‌వాడీలో ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డుని తర్వాత తెప్పించుకుని చూశాను. ప్రమాద సూచనలు బొమ్మలతో సహా ఉన్నాయి. నా కార్పొరేట్ ఆసుపత్రి ఫైలులో స్కానులు, బిల్లులు, పోషకాహార పొడి కరపత్రం ఉన్నాయి. ఆ ఒక్క పేజీ లేదు.

తల్లుల మరణాల మీద 1994లో తాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు ఆలస్యాల గురించి రాశారు. వైద్యానికి వెళ్ళాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మనం మాట్లాడేదంతా రోడ్లు లేని తండాల గురించి, అంటే రెండో ఆలస్యం గురించి. నా చుట్టూ మూడు కిలోమీటర్లలో ఎన్ని ఆసుపత్రులున్నాయో! మొదటి ఆలస్యం మాత్రం తండాలోనూ హైటెక్ సిటీలోనూ ఒకేలా ఉంది. అక్కడ అత్తగారి అనుమతి కోసం ఆగుతారేమో. నేను నా లోపల ఉన్న అత్తగారి అనుమతి కోసం ఆరు గంటలు ఆగాను.

2018లో రెండోసారి. అప్పటికి చట్టం మారింది, 2017 సవరణతో సెలవు 26 వారాలయింది. అయినా చివర్లో దాచుకునే అలవాటు మా ఫ్లోర్‌లో పోలేదు. నేను మాత్రం మారాను. చివరి రెండు నెలల్లో మూడుసార్లు ఆసుపత్రికి పరుగెత్తాను. మూడుసార్లూ ఏమీ లేదన్నారు. మూడోసారి సిగ్గుపడి సారీ చెప్పబోతే కేరళ నర్సు ఒకామె మానిటర్ బెల్టు విప్పుతూ, "ఏమీ లేదని తెలుసుకోడానికే కదా రావాలి, మళ్ళీ డౌటొస్తే మళ్ళీ రండి" అంది. అంత మామూలుగా చెప్పిన ఆ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే!

ఇప్పుడు మా టీమ్‌లో ఏ అమ్మాయి కడుపుతో ఉన్నా నేను కూర్చోబెట్టి చెబుతాను. లేచేటప్పుడు గజ్జల్లో పట్టేయడం, నడుం లాగడం, పొట్ట అప్పుడప్పుడూ బిగిసి పడుకుంటే వదిలెయ్యడం, ఇవి చాలావరకు నెలల బరువు వల్లే. కానీ 37 వారాలు నిండకముందే నొప్పులు ఒక లెక్క ప్రకారం వస్తున్నా, పొట్ట రాయిలా బిగిసి వదలకపోయినా, రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకూడదు. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం, చేతులు ఉబ్బడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే వెళ్ళి బీపీ చూపించుకోవాలి. 140/90 దాటితే ఇంట్లో చిట్కాలు పనికిరావు. జ్వరం, మూత్రంలో మంట, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, ఆయాసం కూడా అంతే. కాన్పయ్యాక ఆరు వారాల దాకా కూడా ఈ బీపీ ముప్పు ఉంటుంది. కోసేస్తారనే భయముంటే ఆ ప్రశ్న డాక్టర్ని ఎదురుగా కూర్చుని అడగండి, ఇంట్లో కూర్చుని కాదు.

మూడు నెలల తర్వాత నేను ఆఫీసుకి తిరిగి వెళ్ళేసరికి హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు మారిపోయింది. ఆమె లేదు. ఎక్కడికి వెళ్ళిందో కొత్తవాళ్ళకి తెలియదు. పేరు చెప్పి అడుగుదామంటే ఆమె పేరు నాకు తెలియదు. నా పాపని ఆమెకి చూపించాలని ఎంతో అనుకున్నాను.

ఆమె నన్ను "ఓర్చుకోగలవా" అని అడగలేదు. మొహం చూసింది, తల నొస్తుందా అంది, వెళ్ళమంది. నేనూ ఇప్పుడు అలాగే అడుగుతున్నాను. ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, దాంతోపాటు ఇంకేమున్నాయి అని. ఎంత ఓర్చుకుంటున్నావని మాత్రం అడగను.