మౌజర్ పుట్టింట్లో అర మిల్లీమీటరు చుక్క

స్టుట్‌గార్ట్ నుంచి దక్షిణంగా వెళ్లే రైలెక్కితే, నెకర్ నది లోయలో ఒబెర్న్‌డోర్ఫ్ వస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ జర్మన్ సైనికులు మోసిన మౌజర్ రైఫిల్‌కి పుట్టిల్లు ఈ చిన్న ఊరే. ఒకప్పటి ఫ్యాక్టరీ భవనంలో ఇప్పుడు ఆయుధాల మ్యూజియం ఉంది.

నేను వెళ్లింది మాత్రం ఎయిర్ రైఫిల్ కోసం. యుద్ధం ముగిశాక ఫ్రెంచివాళ్లు మౌజర్ ఫ్యాక్టరీని విప్పేశారు. అందులో పనిచేసిన ఇద్దరు ఇంజినీర్లు పెట్టిన కంపెనీయే ఫైన్‌వెర్క్‌బౌ. 10 మీటర్ల పోటీలో పదికి పది ఇచ్చే చుక్క అర మిల్లీమీటరే! స్ప్రింగ్ రైఫిల్‌తో దాన్ని కొట్టడమెలా?

ట్రిగ్గర్ నొక్కగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ ఆగేటప్పుడు మళ్లీ ముందుకు కుదుపు. పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే ఈ గొడవంతా మొదలవుతుంది. వీళ్ల 300ఎస్ మోడల్లో లోపలి యంత్రం మొత్తం పట్టాల మీద వెనక్కి జారిపోతుంది. భుజానికి కుదుపే తెలీదు.

మామూలు స్ప్రింగ్ రైఫిల్‌కి పట్టాలుండవు. అక్కడ ట్యూనింగే దిక్కు. గరుకు అంచులు నున్నగా రుద్దాలి. స్ప్రింగ్ గైడ్ బిగుతుగా ఉండాలి, లేదంటే ‘టంగ్’మని మోగుతుంది. స్ప్రింగ్‌కి చిక్కటి గ్రీజు పల్చగా రాస్తే చాలు. పిస్టన్ ముందుకి నూనె చేరితే డీజిల్ ఇంజిన్లోలా మండి, ఒక్కో పెల్లెట్ ఒక్కో వేగంతో వెళ్తుంది. కంప్రెసర్ లేకుండా మాత్రం విప్పొద్దు, స్ప్రింగ్ ఎగిరి తగులుతుంది. బలమైన స్ప్రింగ్ వేస్తే గురి కుదరదు, కుదుపు పెరుగుతుంది. పేల్చేటప్పుడూ అంతే, గట్టిగా బిగించకుండా అరచేతిలో వదులుగా ఆనించాలి.

ఈ ఊళ్లో యుద్ధ తుపాకులు ఇప్పటికీ తయారవుతున్నాయి. అదే చేతిపనితనం పక్కనే కాగితం మీది చుక్క కోసమూ చెమటోడుస్తోంది. నాకు నచ్చింది ఆ రెండోదే.