బాపు సైకిల్

మా బాపు సైకిల్‌ను నేను అమ్మేశాను. నాలుగేళ్లయింది. కొత్తగా బండి కొన్న ఊపులో ఉన్నాను. వాకిట్లో ఆ తుప్పు పట్టిన సైకిల్ ఎందుకని, పాత ఇనుపసామాను కొనేవాడు వస్తే బాపును అడగకుండానే తూకానికి వేశాను. పొలం నుంచి వచ్చిన బాపు గోడ దిక్కు చూశాడు. "అమ్మినవా బిడ్డా?" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

బాపు ముప్పై ఏళ్లు కట్టెకోత మిల్లులో పని చేశాడు. నాగేపల్లి నుంచి మిల్లుకు పది కిలోమీటర్లు, మళ్లీ పది కిలోమీటర్లు. వానకాలం దారంతా బురదే. సైకిల్‌ను భుజాన ఎత్తుకొని వాగు దాటేవాడు. రాత్రి ఇంటికి వస్తే చొక్కా నిండా టేకు పొట్టు. నేను బడిలో చదివేటప్పుడు, బాపు ఆ చొక్కాతో గేటు కాడికి వస్తే సిగ్గుపడి లోపలే ఉండిపోయేవాణ్ని. ఈ మాట రాయడానికి ఇప్పుడూ సిగ్గుగానే ఉంది.

మొన్న ఎండకాలం సెలవులకు మా మేనల్లుడు వచ్చాడు. వాడికి సైకిల్ పందేలంటే పిచ్చి. ఇటలీలో ఏటా జరిగే జీరో డి ఇటాలియా పందెం ఫోన్‌లో చూస్తూ, దాన్ని మొట్టమొదట గెలిచింది ఎవరో చెప్పాడు. లుయిజీ గన్నా. ఆయన చేసేది సుతారి పని.

ఆ ముచ్చట నన్ను పట్టుకుంది. గన్నా 1883లో ఇందునో ఓలోనా అనే ఊళ్లో ఒక పేద రైతు ఇంట్లో పుట్టాడు. ఇల్లంతా పిల్లలే. గోడలు కట్టే పని కోసం మిలాన్ పట్నానికి రోజూ సైకిల్ మీదే పోయేవాడు. రానుపోను దాదాపు 100 కిలోమీటర్లు అని చెబుతారు. అది పందెం కోసం తొక్కింది కాదు, కూలి కోసం తొక్కింది. ఆ కాళ్లే తర్వాత పందెంలో పనికొచ్చాయి.

1909 మే 13న, ఇంకా తెల్లవారక ముందే మిలాన్‌లో 127 మంది బయలుదేరారు. ఎనిమిది విడతల్లో 2,448 కిలోమీటర్లు తొక్కాలి. మొదటి విడతే 397 కిలోమీటర్లు. గేర్లు లేవు, మట్టి రోడ్లు. పంక్చరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. మే 30న మళ్లీ మిలాన్‌కు చేరింది 49 మందే.

ఆ ఏడు గెలుపును టైము మీద లెక్క కట్టలేదు. విడతలో మొదట వచ్చినవాడికి ఒక పాయింటు, రెండోవాడికి రెండు, అట్లా పెరుగుతాయి. చివరికి ఎవరికి తక్కువ ఉంటే వాళ్లదే గెలుపు. గన్నాకు 25, కార్లో గలెత్తికి 27. టైము లెక్క తీసుంటే జొవాన్ని రొస్సిన్యోలి గెలిచేవాడు. అంటే ఒక్కరోజు అందరినీ దాటిపోవడం కాదు, ప్రతిరోజూ ముందువరుసలో ఉండడమే గన్నాను గెలిపించింది. మన మిల్లు భాషలో చెప్పాలంటే హాజిరి తప్పకపోవడం.

ఆఖరి రోజు ఆయన సైకిల్ పంక్చరైంది. ముందున్నవాళ్లు రైల్వే గేటు పడి ఆగిపోవడంతో మళ్లీ అందుకున్నాడు. గెలిచాక ఎట్లా ఉందని అడిగితే, కూర్చునే చోటు మండిపోతోందని అన్నాడట. నిజంగా తొక్కినవాడే ఆ మాట అనగలడు!

తర్వాత గన్నా సొంత పేరుతో సైకిళ్ల ఫ్యాక్టరీ పెట్టాడు. 1951లో అదే పందాన్ని ఫియోరెంజో మాన్యి గెలిచింది గన్నా పేరున్న జట్టు తరఫునే. సుతారి గన్నా అది చూశాడు. 1957లో పోయాడు.

ఇదంతా ఒక సాయంత్రం బాపుకు చెప్పాను. నులకమంచం మీద కూర్చొని మొత్తం విన్నాడు. కూర్చునే చోటు మండిన మాటకు గట్టిగా నవ్వాడు. "వానకాలం నాకూ గట్లనే మండేది" అన్నాడు. కొంచెంసేపు ఆగి అడిగాడు:

"మరి ఆయన సైకిల్ ఏమైందిరా?"

నేను తల వంచుకున్నాను. "తప్పయింది బాపూ. నిన్ను అడగాల్సింది" అన్నాను. అది నాలుగేళ్ల కింద అనవలసిన మాట.

"ఇనుమే కదా, పోనీ" అన్నాడు. కానీ ఆ రాత్రి అన్నం తింటూ, మునుపెన్నడూ చెప్పనివి చెప్పాడు. ఆ సైకిల్ ఎంతకు కొన్నాడు, మొదటిరోజు అవ్వను వెనక కూర్చోబెట్టుకొని ఎక్కడిదాకా పోయాడు, నాకు జ్వరమొచ్చిన రాత్రి ఎట్లా తొక్కాడు. నా కొడుకు నోరు తెరుచుకొని విన్నాడు. నేనూ అంతే.

మీ ఇంట్లో గోడకు ఆనించిన పాత సైకిల్ ఉంటే, తూకానికి వేసే ముందు దాన్ని తొక్కినవాళ్లను ఒక్కమాట అడగండి. ఎంత దూరం తొక్కారో కూడా అడగండి.